మిల్లు గేటు ముందు మన కోపం

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో సంఘం ధాన్యం కొనుగోళ్ల కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు అప్పజెప్పిన అంశం పేరు కొంచెం పెద్దది. "బేరసారాల్లో ఎదుటివారి దురుసుతనాన్ని ఎదుర్కోవడం, అందులో భావోద్వేగ ప్రజ్ఞ." పట్నాల్లో కంపెనీల మేనేజర్లు ఫీజు కట్టి నేర్చుకునే పాఠం ఇది. 1990లో అమెరికాలో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ మాటకు నిర్వచనం రాశారు. 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన పుస్తకంతో అది ఊరూరా పాకింది. మనలో ఏ భావం లేస్తున్నదో మనం పసిగట్టడం, ఎదుటి మనిషిలో ఏం జరుగుతున్నదో పసిగట్టడం, రెంటినీ పనికొచ్చే దారిలో నడపడం, అంతే దాని సారం. పశువుల అంగడిలో ఎడ్లు బేరమాడిన మన తాతలకు ఇది కొత్త కాదు. అమ్మేవాడు పలుపు తాడు చేతికి చుట్టుకుని "పోతున్న" అని లేస్తే, నిజంగా పోతున్నాడా, బెదిరిస్తున్నాడా అని వాళ్లు కాళ్ల వైపు చూసేవాళ్లు, మొహం వైపు కాదు. కనుక పేరు సంగతి వదిలేద్దాం. మా చేతుల్లో చెడిపోయిన ఒక పని గురించి ముందు చెబుతాం.

2024 యాసంగి. ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,203 రూపాయలు. కొనుగోలు కేంద్రంలో కాంటా అయిన వడ్లు నాలుగు లారీల్లో మిల్లుకు పోయాయి. రెండు రోజులు గేటు బయటే నిలబడ్డాయి. మూడో రోజు మిల్లు నుంచి కేంద్రానికి ఫోను: తాలు ఉంది, తేమ ఉంది, క్వింటాలుకు ఐదు కిలోలు తరుగు తీస్తేనే దించుకుంటాం, లేదంటే లారీలు వాపసు. ఐదు కిలోలంటే క్వింటాలుకు 110 రూపాయలు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండితే 2,750. నాలుగెకరాల రైతుకు 11,000. ఆ డబ్బుతో ఆ ఇంట్లో ఏమేం జరుగుతాయో మీకు మేము చెప్పక్కర్లేదు.

కేంద్రంలో కాంటా అయ్యాక రైతుకు మిల్లుతో సంబంధం లేదని ప్రతి సీజన్లో అధికారులు చెబుతారు. ప్రతి సీజన్లో లారీ వెంట రైతే పోతాడు. ఆ రోజు నలభై మందిమి పోయాం. సేటు గేటు దాకా వచ్చాడు. మా ముందు వరసలో డెబ్బై ఏళ్ల రైతు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని చూసి సేటు, "ఏం ముసలోడా, మట్టి తెచ్చి వడ్లంటవా? నీ వడ్లు కోళ్లు గూడ తినయ్" అన్నాడు.

అంతే. మాకు ఒళ్లు మండింది. పెద్దమనిషిని పట్టుకుని ఆ మాటా? మా కమిటీలో ఒకరు "ఎవర్నిరా ముసలోడంటున్నవ్" అని మీదికి పోయారు. వెనకనున్న పిల్లలు గేటును తన్నారు. గేటు ఒక రెక్క వంగింది. సేటు లోపలికి పోయాడు, గేటుకు తాళం పడింది, అరగంటలో పోలీసులు వచ్చారు. సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చున్నాం. అక్కడ మాట్లాడింది దేని గురించి? గేటు గురించి. గేటు ఎవరు తన్నారు, బాగు చేయించడానికి ఎంతవుతుంది, కేసు పెట్టాలా వద్దా. తరుగు అనే మాట ఆ పూట ఒక్కరి నోటి నుంచీ రాలేదు. మా నోటి నుంచి కూడా.

నాలుగో రోజు రాత్రి మొగులు పట్టింది. లారీ డ్రైవర్లు వెయిటింగ్ చార్జీ అడుగుతున్నారు. రైతులు మాకు చెప్పకుండానే మిల్లుకు పోయి ఆరు కిలోలకు ఒప్పుకుని వచ్చారు. ఐదు ఉన్నది ఆరైంది.

తర్వాత వారం ఆ పెద్దాయన ఇంటికి పోయాం. ఆయన కోప్పడలేదు. చాయ్ ఇప్పించాడు. "మీరు నన్ను అన్నందుకు కొట్లాడిన్రు బిడ్డా. నా వడ్ల కోసం కొట్లాడలే" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని ఏడాది పాటు కూర్చోనివ్వలేదు. ఈ తరగతి పెట్టాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

ఆ తర్వాత మేము తీరిగ్గా కొన్ని విషయాలు కనుక్కున్నాం. ఆ మిల్లులో పనిచేసే హమాలీలు చెప్పారు: ఆ వారం మిల్లు ఆవరణలో బస్తా పెట్టడానికి జాగా లేదు. అంతకుముందు సీజను వడ్లే ఇంకా మరపట్టలేదు. పట్టిన బియ్యం దించడానికి గోదాముల్లో ఖాళీ లేదు. అంటే నాలుగు లారీలు లోపలికి రాకుండా ఉండడానికి సేటుకు ఏదో ఒక కారణం కావాలి. ఆ కారణాన్ని మేము కాలితో తన్ని మరీ ఇచ్చాం. ఆయన ముందే అనుకుని తిట్టాడో, నోటి దురుసుతో తిట్టాడో ఈ రోజుకీ మాకు తెలియదు. ఏదైనా ఫలితం ఒకటే. మన కోపాన్ని మనం ఖర్చు పెట్టుకోలేదు, ఆయన ఖర్చు పెట్టాడు, తనకు కావలసిన చోట.

సేటుకు కోపం ఎందుకొస్తుందో కూడా చూద్దాం. ఆయన మీద జాలి పడమని కాదు. జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా గోలీ వేయం కదా, అందుకు. ప్రభుత్వం మిల్లుకు వడ్లిచ్చి బియ్యం తీసుకుంటుంది. కస్టమ్ మిల్లింగ్ అంటారు. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లు లెక్క అప్పజెప్పాలి. 2025 యాసంగి నాటికి పచ్చి బియ్యంలో నూక నూటికి 25 దాటకూడదన్నది నిబంధన. మన యాసంగి వడ్లు ఎండలకు గింజ లోపల పగుళ్లిస్తాయి, మరలో పడితే నూకవుతాయి. ఉప్పుడు బియ్యం తీసుకోమంటే ఒక ఏడు తీసుకుంటారు, ఒక ఏడు వద్దంటారు. సేటుకు పై నుంచి భయం. పైవాళ్లను ఆయన తిట్టలేడు. కింద మనం దొరుకుతాం. నూక వల్ల వచ్చే నష్టాన్ని ముందే మన బస్తాలోంచి తీసి పక్కన పెట్టుకుంటాడు, దానికి తాలు అని, మట్టి అని పేరు పెడతాడు. ఇందులో నిజమైన భయం కొంత, అలవాటైన దోపిడీ కొంత. రెండూ ఒకే గొంతుతో అరుస్తాయి కాబట్టి మనకు తేడా తెలియదు.

తేడా తెలుసుకునే ఉపాయం ఒకటి మాకు అనుభవం మీద దొరికింది. అరుస్తున్న మనిషిని చిన్న ప్రశ్న ఒకటి, లెక్కతో కూడింది, అడగండి. భయంతో అరుస్తున్నవాడు అరుస్తూనే జవాబు చెబుతాడు. "జాగా ఏడుందయ్యా, మూడు వేల బస్తాలు బయటనే ఉన్నయ్" అంటాడు. నటిస్తున్నవాడు మాట మారుస్తాడు. "నన్నే అడుగుతవా, నువ్వెవడివి" అంటాడు. మొదటివాడితో పని ఉంది, వాడితో మాట్లాడండి. రెండోవాడితో మాటలు పెంచకండి, కాగితం తీయండి.

ఇక 2025 యాసంగి. అదే మిల్లు. కోతలు ఇంకా మొదలు కాకముందే, లారీ ఒక్కటి కూడా లేని రోజు చూసి, మా కమిటీ నుంచి ఇద్దరు సేటు దగ్గరికి పోయారు. అడిగింది ఒకటే: "ఈ యేడు మీకేం ఇబ్బంది ఉంది సేటూ?" అరగంట చెప్పాడు. బీహార్ హమాలీలు పండగకు పోయి తిరిగి రాలేదని, రోజుకు రెండు లారీల కంటే దించలేనని, బ్యాంకు వాళ్లు తిరుగుతున్నారని. మావాళ్లు ఏదీ ఒప్పుకోలేదు, దేనికీ వాదించలేదు. విని వచ్చారు. ఈ సంగతి తెలిసి మన సంఘంలోనే కొందరు "సేటు చాయ్ తాగొచ్చిన్రు" అని మూతి తిప్పారు. తాగారు. చాయ్ బాగాలేదట కూడా.

కేంద్రంలో ఈసారి మేము వేరే పని పెట్టుకున్నాం. ప్రతి రైతు కుప్పలో మూడు చోట్ల తేమ చూసి, తేదీ, సమయం వేసి పుస్తకంలో రాశాం. కేంద్రం నడిపే మహిళా సంఘం అక్కతో పక్కన సంతకం పెట్టించాం. ప్రతి లారీ నుంచి రెండు కిలోల వడ్లు చిన్న సంచిలో పోసి, మూతి కుట్టి, లారీ నంబరు రాశాం. ప్రమాణాలు ఏమిటో గోడకు అంటించాం: తేమ 17 శాతం, మట్టి రాళ్లు 1 శాతం, గడ్డీ చెత్తా తాలూ 1 శాతం, పక్వానికి రాని, ముడుచుకున్న గింజ 3 శాతం, చెడిన, రంగు మారిన, మొలకెత్తిన గింజ 5 శాతం. వీటికి లోబడి ఉన్న వడ్లకు తరుగు లేదు. ఇవి మన వాళ్లలో ఎంతమందికి నోటికి వచ్చు? ఈ హాల్లో చేతులెత్తమంటే మాకే ఇబ్బంది అవుతుందేమో.

లారీలు ఆగాయి. మళ్లీ ఐదు కిలోలు అన్నారు. ఈసారి నలభై మంది కాదు, ఐదుగురం పోయాం. ఒకరు మాట్లాడాలి. ఒకరు రాయాలి. ఒకరు సంచులు పట్టుకోవాలి. ఒకరి పని మా వైపు చూడడం మాత్రమే: ఎవరి గొంతు లేస్తే వాళ్ల భుజం మీద చేయి వేయాలి. ఐదో మనిషి ఆ పెద్దాయన. ఆయన్ని రావద్దని చెప్పాం, నిజానికి. మళ్లీ ఏమన్నా అంటే మేము తట్టుకోలేమని. "అంటే అననియ్యి, నేను పడత. మీరు లెక్క చూడున్రి" అన్నాడు.

పోయే ముందు అందరం అన్నం తిన్నాం. నవ్వకండి. ఇది పాఠంలో ముఖ్యమైన ముక్క. కల్లం దగ్గర వారం రోజులు నిద్ర లేక, పొద్దున తిండి లేక, మే నెల రెండు గంటల ఎండలో గేటు దగ్గర నిలబడ్డ మనిషిని దేవుడొచ్చి పలకరించినా తిడతాడు. మిర్చి తీసుకుని రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారి యార్డులో దిగే రైతు సంగతీ అంతే. ఎదుటివాడు ఫ్యాను కింద కూర్చుని ఉంటాడు. మనకు కోపం ఎక్కువ, ఆయనకు ఓపిక ఎక్కువ అని మనం అనుకుంటాం. అందులో సగం అన్నం, నీళ్లు, నీడ లెక్క.

సేటు మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు. "మళ్లొచ్చిన్రా? పోయినేడు గేటు ఇరగ్గొట్టినోళ్లకు నేను కుర్చీలెయ్యాల్నా?"

మా తరఫున మాట్లాడే మనిషి కాసేపు ఆగి, "పోయినేడు గేటు తన్నింది మా తప్పు సేటూ. ఒప్పుకుంటున్నం. గేటు ముచ్చట అయిపోయింది. ఈయేటి నాలుగు లారీల ముచ్చట మాట్లాడుదం" అన్నారు. అని ఊరుకున్నారు.

సేటు ఊరుకోలేదు. పది నిమిషాలు తిట్టాడు. సంఘాలను తిట్టాడు, ప్రభుత్వాన్ని తిట్టాడు, రైతులు బద్ధకస్తులైపోయారన్నాడు. రాసే మనిషి రాస్తూనే ఉన్నారు. కొంతసేపటికి సేటు చూపు పుస్తకం మీద పడింది.

"ఏం రాస్తున్నవ్?"

"మీరు చెప్పేదే సేటూ. తప్పు పోకుండ ఒకసారి చదువుత, వినండి."

చదివారు. తిట్లు చదవలేదు. తిట్ల మధ్య ఉన్న మూడు విషయాలు చదివారు: వడ్లలో తాలుంది, హమాలీలు లేరు, క్వింటాలుకు ఐదు కిలోలు తీస్తాం. చదివి అడిగారు: "ఈ ఐదు కిలోల్ల తేమకెంత, తాలుకెంత, మట్టికెంత? ఏ లారీకి ఎంత? చెప్పుండి, రాసుకుంటం."

సేటు దగ్గర జవాబు లేదు. ఐదు కిలోలను ఆయన ఎప్పుడూ అలా పంచి చూడలేదు. అది లెక్కతో వచ్చిన ఐదు కాదు, అలవాటుతో వచ్చిన ఐదు. అప్పుడు సంచులు విప్పాం. మిల్లులో ఉన్న తేమ మిషన్‌తోనే చూడమన్నాం. మూడు లారీల వడ్లు 16కు అటూ ఇటూ ఉన్నాయి. తాలు కూడా లెక్కలోపే.

నాలుగో లారీలో తాలు ఎక్కువ ఉంది. కంటికి కనబడుతున్నది. ఇక్కడ మాలో మాకు ఒక్క క్షణం కళ్లు కలిశాయి. కాదని వాదించవచ్చు. మన రైతు వడ్లు, మనం ఎలా ఒప్పుకుంటాం? కానీ మాట్లాడే మనిషి ఒప్పుకున్నారు. "ఈ లారీల తాలున్న మాట నిజమే. దీన్ని దించి, క్లీనర్ పట్టి, పోయినంత తూకమేసి అంత మట్టుకే తీయుండి. అందాజగా కాదు."

గది గాలి మారింది ఆ మాటతోనే. సేటు మొదటిసారి కూర్చోమన్నాడు. నాలుగో లారీ మీద మేము నిజం చెప్పాం కాబట్టి మొదటి మూడు లారీల మీద మేము చెప్పేది అబద్ధమని ఆయన అనలేకపోయాడు. చివరికి మూడు లారీలకు తరుగు లేదు. ట్రక్ షీట్ మీద కేంద్రం తూకమే ఎక్కింది. నాలుగో దానికి క్లీనర్ పట్టాక క్వింటాలుకు రెండు కిలోలకు కొంచెం పైన పోయింది. రోజుకు రెండు లారీల కంటే పంపబోమని మేము మాటిచ్చాం, హమాలీలు లేరన్నది నిజమే కాబట్టి. లేచి వస్తుంటే సేటు పెద్దాయన్ని "జాగ్రత్త, మెట్లున్నయ్" అన్నాడు. దాన్ని క్షమాపణ అనుకోవాలో లేదో మాకు తెలియదు.

ఇందులో మాకు ఖర్చు కూడా ఉంది. ఆ నాలుగో లారీ రైతు మన సభ్యుడే. "ఎదుటోని ముంగట నా వడ్లు బాగలేవని నా సంఘమే చెప్పింది" అని ఆయనకు బాధ. మేము రెండుసార్లు పోయి మాట్లాడాం. ఆయన ఈ రోజు ఈ హాల్లో లేరు. సేటు మనసు తెలుసుకోవడానికి ఏప్రిల్‌లోనే పోయిన మేము, ఆయన దగ్గరికి ముందే పోయి "నీ కుప్పల తాలు కనబడుతున్నది, తూర్పారబట్టుకో" అని చెప్పి ఉండాల్సింది. ఇది మా లోపం. ఎవరి భావాలు అర్థం చేసుకోవాలి అంటే మొదట మనవాళ్లవి.

ఇంకో మాట, మనకు నచ్చనిది. కేంద్రంలో కాంటా పెట్టే మహిళా సంఘం అక్కతో మనం ఎలా మాట్లాడుతున్నాం? గన్నీ సంచులు రాకపోతే ఆమెను తిడతాం. లారీ రాకపోతే ఆమెను తిడతాం. సంచులు ఇచ్చేదీ ఆమె కాదు, లారీ కాంట్రాక్టూ ఆమెది కాదు. సేటు పైవాళ్లను తిట్టలేక మనల్ని తిట్టినట్టే మనం ఆమెను తిడుతున్నాం. ఆమె సంతకం లేకపోతే ఆ రోజు మా పుస్తకానికి విలువే లేదు.

కోపం తప్పని మేము చెప్పడం లేదు. కోపం లేని రైతు సంఘం ఉండీ లేనట్టే. కాకపోతే దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మిర్చి యార్డులో జరిగింది మీకు గుర్తుంది. ముందటేడు పలికిన ధరలో సగం కూడా పలకలేదు. రైతుల కడుపు మండింది, యార్డులో కాంటాలు, కార్యాలయం ధ్వంసమయ్యాయి. ఆ కోపం న్యాయమైనది. కానీ మర్నాటి నుంచి చర్చ మిర్చి ధర మీద ఎంత జరిగింది, విరిగిన సామాను మీద, ఎవరు రెచ్చగొట్టారన్న దాని మీద ఎంత జరిగింది? మే నెలలో పదిమంది రైతులను బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. ఆ బొమ్మ చూసి రాష్ట్రమంతా కలత చెందింది. బేడీలు వేసినవాళ్లదే తప్పు, సందేహం లేదు. కేంద్రం క్వింటాలుకు 5,000 చొప్పున కొంత మిర్చి కొంటామని ప్రకటించింది కూడా. అయినా ఆ పదిమంది ఇళ్లలో ఆ నెల ఎలా గడిచిందో తలుచుకుంటే, ఆ ధర మన రైతులు ఏం పెట్టి కొనుక్కున్నారో తెలుస్తుంది.

ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులను చూడండి. 2020 డిసెంబరు 3న విజ్ఞాన్ భవన్‌లో మంత్రులతో చర్చలు. మధ్యాహ్నం ప్రభుత్వ భోజనం వద్దన్నారు. తమ లంగరు నుంచి వచ్చిన రొట్టెలు తిన్నారు. తిట్టలేదు, బల్ల గుద్దలేదు. మేము మీ అతిథులుగా రాలేదు అని చెప్పడానికి ఒక్క మాట కూడా వాడలేదు. డిసెంబరు 5న ఇంకో విడత. మాటలు సాగదీస్తున్నారని అనిపించినప్పుడు కొందరు నాయకులు నోరు మూసుకుని కూర్చున్నారు, అవునా కాదా అని రాసిన కాగితం ఎత్తి పట్టుకున్నారు. మౌనం కూడా ఒక జవాబే, పైగా దాన్ని ఎవరూ వక్రీకరించలేరు. డిసెంబరు 30న మంత్రులు వచ్చి అదే లంగరు అన్నం రైతులతో కలిసి తిన్నారు. తిన్నంత మాత్రాన రైతులు కరిగిపోలేదు. జనవరి 20న చట్టాలను ఏడాదిన్నర పాటు పక్కన పెడతామన్నా ఒప్పుకోలేదు. జనవరి 22న పదకొండో విడతతో చర్చలు ఆగిపోయాయి. నాలుగు రోజులకే, జనవరి 26న, ఎర్రకోట దగ్గర జరిగిన దాంతో దేశమంతా చట్టాల మాట మరచి జెండా మాట మాట్లాడింది. మన గేటు సంగతే, పెద్ద ఎత్తున. దాని నుంచి తేరుకుని మళ్లీ చర్చను చట్టాల మీదికి తేవడానికి వాళ్లకు ఎన్నో నెలలు పట్టింది. 2021 నవంబరు 19న రద్దు ప్రకటన వచ్చింది.

ఆ రద్దు బల్ల దగ్గర మర్యాదగా కూర్చున్నందుకు వచ్చింది కాదు. బయట వేల మంది చలిలో, ఎండలో, వానలో ఏడాది కూర్చున్నందుకు వచ్చింది. లోపల ఐదుగురు నిదానంగా ఉండగలిగితే అది బయటివాళ్ల బలం. ఇది మరచిపోయి ఎవరైనా మీకు "చిరునవ్వుతో మాట్లాడండి, అన్నీ దొరుకుతాయి" అని పాఠం చెబితే నమ్మకండి. రోజర్ ఫిషర్, విలియం యూరీ అనే ఇద్దరు 1981లో బేరసారాల మీద ఒక పుస్తకం రాశారు. ఒప్పందం కుదరకపోతే మన దగ్గర ఉన్న ఇంకో దారి ఎంత గట్టిదో, బల్ల దగ్గర మన బలం అంత అని అందులో చెప్పారు. మన భాషలో దానికి పేరు టార్పాలిన్.

నిజం. 2024లో వడ్లు ఆకాశం కింద ఉన్నాయి. మొగులు పట్టగానే రైతులు ఆరు కిలోలకు ఒప్పుకున్నారు. 2025లో సంఘం తరఫున, సొసైటీ నుంచి అడిగి తెచ్చినవీ, చందాలతో కొన్నవీ కలిపి టార్పాలిన్లు ముందే చేర్చాం. నాలుగు రోజులు ఆగినా వడ్లు తడవవు అన్న ధైర్యంతోనే ఆ రోజు మా మనిషి సేటు ముందు పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోగలిగారు. ఎరువుల దుకాణంలో అప్పు తెచ్చి, ఆ దుకాణం వాడికే పంట అమ్మాల్సిన రైతును నిదానంగా ఉండమంటే ఎలా ఉంటాడు? పాస్ బుక్‌లో పేరు లేని కౌలు రైతు, డబ్బులు ఎవరి ఖాతాలో పడతాయో తెలియని మనిషి, గొంతు వణక్కుండా ఎలా మాట్లాడతాడు? వాళ్లకు ముందు కావలసింది ప్రజ్ఞ కాదు, ఆసరా.

ఓర్చుకోవడానికి ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. ముసలోడు అంటే పెద్దాయన పడ్డాడు. కులం పేరు పెట్టి తిడితే పడకూడదు. అది బేరంలో భాగం కాదు, 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద నేరం. నలుగురి ఎదుట దళిత, గిరిజన రైతును ఎవరైనా అలా అంటే ఆ క్షణంలోనే చర్చ ఆపాలి. మాటను మాటగా, సాక్షుల పేర్లతో రాసుకోవాలి. లేచి రావాలి. లారీల సంగతి తర్వాత. ఆ నిర్ణయం అవమానం పడిన మనిషిది, మనది కాదు. "పోనీలే అన్నా, వడ్లు దిగనీ" అని ఆయనకు నచ్చజెప్పే పని మనం చేయకూడదు. ఆడవాళ్లను అనే మాటలకూ ఇదే వర్తిస్తుంది.

సరే, భోజనాలకు పిలుస్తున్నారు. తిన్నాక ఇదే హాల్లో ఒకసారి ఆడి చూద్దాం. ఆ మూల బల్లే మిల్లు. ఐదుగురు రైతుల వైపు, పుస్తకం, కలం, వడ్ల సంచి తెచ్చాం. భుజం మీద చేయి వేసే పనికి కాస్త చూపు చురుకైన వాళ్లు కావాలి. సేటు వేషానికి మాత్రం బాగా తిట్టగలిగిన వాళ్లే రావాలి, మొహమాటం వద్దు. మొదటి ఆటలో పెద్దాయన సేటు అవుతానంటున్నారు. పోయినేటి నుంచి దాచుకున్నవి చాలా ఉన్నాయట.